సూక్ష్మదర్శిని క్రింద ఒక రక్తపు బొట్టు

ఉర్దూలో 'ఖుర్ద్' అంటే చిన్నది, 'బీన్' అంటే చూచేది. రెండూ కలిసి 'ఖుర్ద్‌బీన్' అయింది. తెలుగులో దానినే సూక్ష్మదర్శిని అన్నాము. ఒకటి పారసీకపు మాట, మరొకటి సంస్కృతపు మాట. అర్థంలో మాత్రం వెంట్రుకవాసి తేడా లేదు. మన కళాశాలలో రెండు భాషలవారూ ఒకే బల్లమీద ఒకే పరికరం ముందు కూర్చుంటారు గనుక ఈ పోలిక చూచి నేను చాలాకాలం ముచ్చటపడ్డాను. తరువాత తెలిసింది, రెండు పేర్లూ సగమే నిజం చెబుతున్నవని. చిన్నదానిని పెద్దది చేసినంతమాత్రాన అది కనబడదు.

తెలుగు పాఠాలు చెప్పుకొనే వాడికి గాజుపలకల గొడవ ఎందుకని కొందరు మిత్రులకు తోచవచ్చును. కారణాలు రెండు. మొదటిది చిన్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తమ ప్రయోగ పుస్తకాలు పట్టుకొని పదాలకోసం నా దగ్గరకు వస్తుంటారు. 'స్టెయినింగ్'కు పాఠ్యపుస్తకాలు 'అభిరంజనం' అన్నాయి. రంజనమంటే రంగు వేయడమూ అవును, మనస్సుకు ఆనందం కలిగించడమూ అవును. ఈ రెండర్థాల మాటను సరిగా వివరించాలని వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర శాఖల వారి ప్రయోగశాలల్లో కొన్ని మధ్యాహ్నాలు గడిపాను. రెండవ కారణం మా ఇంటిది.

మా దాదీమా కుడికాలు మోకాలి దిగువ నుండి ఉబ్బి, చర్మం మందమై, చెక్కలాగా ఉండేది. తెలుగువారు దీనిని బోదకాలు అంటారు. ఉర్దూలో 'ఫీల్‌పా', అనగా ఏనుగు పాదం. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వారికి ఇది వర్ణించి చెప్పనక్కరలేని సంగతి. ప్రతి వీధిలోను ఒకరో ఇద్దరో పెద్దలు ఆ కాలు ఈడ్చుకొంటూ నడవడం చూచినవాళ్ళమే. నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒకనాటి రాత్రి, ఇషా నమాజు అయి అందరూ పడకలు వేసుకొన్న తరువాత, ఫైలేరియా సిబ్బంది వచ్చి తలుపు తట్టారు. వ్రేలినుండి బొట్టు రక్తం కావాలన్నారు. పక్కింటివారు తలుపు తీయనే లేదు. ఎదురింటాయన, "పగలంతా ఏం చేశారండీ, అర్ధరాత్రి వచ్చి నెత్తురడుగుతారేం?" అని కోప్పడ్డాడు. దాదీమా మాత్రం ముందుగా తన వ్రేలు చాచి, ఇంట్లో అందరిచేతా ఇప్పించింది.

కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. దాదీమా రక్తంలో పురుగులు లేవు. నా రక్తంలో ఉన్నవి.

పలకలు తారుమారైనవని ఇంట్లో అందరమూ అనుకొన్నాము. కాలు ఆమెది, పురుగు నాదా? మరునాడు నేను వెళ్ళి అడిగితే అక్కడి టెక్నీషియన్ ఒకాయన నవ్వి, నన్ను సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి, నా పలకే చూపించాడు. రాత్రే ఎందుకు, రక్తం అంత దళసరిగా పూయడం ఎందుకు, రంగు ఎందుకు అని ఆనాడు నేనడిగిన ప్రశ్నలకు ఆయన చెప్పిన జవాబులకు, తరువాత నేను చదివి, చూచి తెలుసుకొన్నది జోడిస్తే ఈ వ్యాసమైంది.

ముందుగా పరికరం సంగతి. మంచి చూపున్న కన్ను మిల్లీమీటరులో పదవ వంతు ఎడమున్న రెండు చుక్కలను రెండుగా గుర్తించగలదు. అంతకన్న దగ్గరైతే ఒకటే చుక్క. మన ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7 మైక్రోమీటర్లు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పాత పుస్తకాలు దీనినే మైక్రాన్ అన్నాయి. కళాశాల సూక్ష్మదర్శినిలో కంటి దగ్గరి కటకం 10 రెట్లు, వస్తువు దగ్గరి కటకాలు 10, 40, 100 రెట్లు పెంచుతాయి. రెంటినీ గుణించగా 100, 400, 1000 రెట్లు వస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడే విషయమొకటి ఉన్నది. పెంచడం వేరు, విడదీసి చూపడం వేరు. పత్రికలో అచ్చయిన ఛాయాచిత్రాన్ని భూతద్దంతో చూడండి. ముఖం ఇంకా స్పష్టంగా కనబడుతుందా? చుక్కలు పెద్దవై కనబడతాయి, అంతే. సూక్ష్మదర్శినికి కూడ అటువంటి హద్దు ఒకటి ఉన్నదని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ అబ్బే 1873లో నిరూపించాడు. ఆ హద్దును నిర్ణయించేవి రెండు: కాంతి తరంగదైర్ఘ్యం, కటకం ఎంత విశాలమైన కోణంలో కాంతిని గ్రహించగలదన్నది. ఈ రెండవదానిని సూచించే అంకె కటకం తొడుగుమీద చెక్కి ఉంటుంది. 40 రెట్ల కటకంమీద 0.65 అని, 100 రెట్ల దానిమీద 1.25 అని సాధారణంగా కనబడుతుంది. ఆకుపచ్చని కాంతి తరంగదైర్ఘ్యాన్ని, అనగా 0.55 మైక్రోమీటరును, ఆ అంకెకు రెట్టింపుతో భాగిస్తే చాలు. మొదటి కటకం 0.42, రెండవది 0.22 మైక్రోమీటర్ల ఎడమున్న బిందువులను విడదీయగలవు. ఎన్ని రెట్లు పెంచినా మామూలు కాంతితో, మామూలు పద్ధతిలో ఇంతకు మించి సూక్ష్మం చూడలేము.

100 రెట్ల కటకానికి నూనెబొట్టు ఎందుకని అడిగేవారున్నారు. నీళ్ళలో ముంచిన కర్ర వంగినట్లు కనబడుతుంది గదా. గాజునుండి గాలిలోకి వచ్చే కాంతికిరణం కూడ అలాగే వంగి, పక్కకు పోయి, కటకానికి అందకుండా పోతుంది. గాజుకూ సెడార్ నూనెకూ వక్రీభవన గుణకం దాదాపు ఒకటే, 1.5కు కొంచెం పైన. మధ్యలో నూనె ఉంటే కిరణానికి గాజు అయిపోయిన సంగతే తెలియదు, తిన్నగా వస్తుంది. నూనె వేయకుండా ఆ కటకంతో చూచి "ఏమీ కనబడలేదు సార్" అనే విద్యార్థి మాట నిజమే.

ఇంతవరకు పరికరం. ఇప్పుడు అసలు చిక్కు. వస్తువునుండి వచ్చిన కాంతి కంటిలో ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని 11వ శతాబ్దిలో ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో వాదించి స్థాపించాడు. జీవకణానికి ఈ సూత్రం అన్వయించి చూడండి. కణంలో అధికభాగం నీరు. మిగిలినది కూడ పారదర్శకమే. దానిగుండా వచ్చిన కాంతికీ, దాని పక్కనుండి వచ్చిన కాంతికీ తేడా లేకపోతే కంటికి ఏమి తెలుస్తుంది? గ్లిజరిన్‌లో గాజుకడ్డీని ముంచితే ఆ ముంచినమేర కడ్డీ మాయమైనట్లుంటుంది. ఉన్నదే గాని కనబడదు. ఉల్లిపొరను నీటిబొట్టులో పెట్టి చూచినప్పుడు గదులు గదులుగా గోడలు లీలగా తెలుస్తాయి, లోపల కేంద్రకం చాలమందికి దొరకదు.

దీనికి ఉపాయాలున్నవి. క్రింది కండెన్సర్‌ను కొంచెం దించి, దాని ద్వారాన్ని సగం మూస్తే అంచులు నల్లబడి స్పష్టమవుతాయి. కాని పైన చెప్పిన విడదీసే శక్తి తగ్గిపోతుంది. కనుక రంగులేని వస్తువుకు కాంతి తగ్గించాలి, రంగువేసిన వస్తువుకు కండెన్సర్ పైకెత్తి నిండుకాంతి ఇవ్వాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే ప్రయోగశాలలో సగం అవస్థ తీరుతుంది. డచ్చి శాస్త్రజ్ఞుడు జెర్నికే రంగు లేకుండానే కాంతి నడకలోని తేడాను వెలుగునీడలుగా మార్చే ఫేజ్ కాంట్రాస్ట్ పద్ధతి కనిపెట్టి 1953లో నోబెల్ బహుమానం పొందాడు. బ్రతికి ఉన్న కణాలను చూడడానికి అది గొప్ప సాధనం. దాని ఖరీదు గొప్ప. మనబోటివారికి రంగే గతి. అది తక్కువదేమీ కాదు.

రంగు ఎలా పట్టుతుందన్నది తెలుసుకోవడానికి మన పొరుగున ఉన్న బందరు, పెడన దాకా వెళ్ళిరావాలి. అక్కడి కలంకారీ అద్దకంవారు గుడ్డను ముందు కరక్కాయ కషాయంలో నానబెడతారు. తరువాత పటిక కలిపిన ద్రావణాన్ని అచ్చులతో అద్దుతారు. ఆ తరువాత ఎర్రరంగు కాగులో వేసి మరిగిస్తారు. కాగులో గుడ్డ అంతా మునిగినా, పటిక పడినచోటనే ఎరుపు నిలుస్తుంది. మిగిలినచోట్ల ఉతుకులో వదలిపోతుంది. నూలుకూ రంగుకూ నేరుగా చుట్టరికం లేదు. పటిక మధ్యవర్తి.

కణశాస్త్రంలో ప్రసిద్ధమైన హెమటాక్సిలిన్ ముచ్చట సరిగ్గా ఇదే. మధ్య అమెరికాలో పెరిగే లాగ్‌వుడ్ అనే చెట్టు చేవనుండి తీసిన పదార్థమది. తాజాగా ఉన్నప్పుడు దానికి రంజకశక్తి లేదు. గాలి తగిలి పండాలి, పటిక తోడు కావాలి. అప్పుడు కేంద్రకాన్ని పట్టుకొని నీలిరంగు ఇస్తుంది. ఎన్నో శతాబ్దాలుగా అద్దకంవారి చేతిలో ఉన్న కిటుకే వైద్యుల గాజుపలకమీదికి వచ్చింది. మన ప్రయోగశాలలో పిడివేళ్ళ చివరలను రంజించే ఎసిటోకార్మైన్‌లోని కార్మైన్ కూడ అద్దకపు సరుకే. బొమ్మజెముడు జాతి మొక్కలమీద బ్రతికే ఒక చిన్న పురుగునుండి తీసిన ఎరుపు అది.

చెట్టురంగులకు తోడుగా కృత్రిమపు రంగులు వచ్చిన కథ చిత్రమైనది. 1856లో లండన్‌లో 18 ఏళ్ళ విలియం పెర్కిన్ మలేరియాకు మందైన క్వినైన్‌ను తారునుండి తయారు చేద్దామని బయలుదేరాడు. క్వినైన్ రాలేదు, ఊదారంగు వచ్చింది. దాని వెనుక తారునుండి వందల రంగులు పుట్టాయి. 1876లో వచ్చిన మిథిలీన్ బ్లూ వాటిలో ఒకటి. మలేరియా మందుకోసం వెదకగా దొరికిన దారి మలేరియా పరాన్నజీవిని చూపించే రంగులకు చేర్చింది.

ఈ రంగులలో రెండు కులాలున్నవి. కేంద్రకంలో ఉండేవి ఆమ్లాలు. క్షారస్వభావం గల మిథిలీన్ బ్లూ వాటిని వెదకి పట్టుకొంటుంది. ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌ను ఆమ్లస్వభావం గల ఇయోసిన్ పట్టుకొని గులాబిరంగు ఇస్తుంది. ఇంతవరకు లెక్క సులభంగానే ఉన్నది. అయితే పాతబడిన మిథిలీన్ బ్లూనూ ఇయోసిన్‌నూ కలిపితే, ఆ రెంటిలోనూ లేని మూడవ రంగు, ఊదా వంటిది, కేంద్రకాలమీద మెరుస్తుందని రష్యాలో రొమనోవ్‌స్కీ 1891లో చూపించాడు. పాత సీసాలో మిథిలీన్ బ్లూ కొంత మారి వేరొక రంగుగా ఏర్పడడమే అందుకు మూలం. లీష్‌మన్, గీమ్సా మొదలైన వారి పేర్లతో నేడు చెలామణీలో ఉన్న ద్రావణాలన్నీ ఆ సంతతివే.

మన విద్యార్థులు చేసే పనులను ఈ వెలుగులో చూడండి. చెంప లోపలిభాగాన్ని పుల్లతో మెల్లగా గీచి, పలకమీద పూసి, మిథిలీన్ బ్లూ బొట్టు వేస్తే లేత నీలి కణంలో ముదురు నీలి కేంద్రకం వెంటనే పైకి తేలుతుంది. ఇంతకుముందు కూడ అది అక్కడే ఉన్నది. పంటకాలువలో తేలే గుర్రపుడెక్క కాడను పలుచగా కోసి సాఫ్రనిన్‌లో ఉంచి కడిగితే, లిగ్నిన్ పట్టిన నీటినాళాల గోడలు మాత్రం ఎర్రగా నిలుస్తాయి. నీటిలోనే బ్రతికే మొక్క గనుక ఆ ఎరుపు చాల కొద్దిగానే ఉండడం గమనించవచ్చు, తక్కినదంతా గాలిగదులే. పై గాజుపొరను తిన్నగా పడవేయక, ఒక అంచు ఆనించి వాలుగా దించితే గాలిబుడగలు చేరవు. బుడగకు నల్లని గుండ్రని అంచు ఉంటుంది. దానిని కణమనుకొని శ్రద్ధగా బొమ్మ గీసి, కేంద్రకం గూడ పెట్టిన ప్రయోగ పుస్తకం నేను కళ్ళారా చూచాను. ఎవరిదో చెప్పను.

క్షయ క్రిములను ఎర్రగాను, తక్కిన వాటిని నీలంగాను చూపే జీల్-నీల్సన్ పద్ధతి, బాక్టీరియాలను రెండు తెగలుగా విడదీసే 1884 నాటి గ్రామ్ పద్ధతి గురించి విడిగా వ్యాసాలే వ్రాయవచ్చు. ఒక్క మాట మాత్రం చెప్పి సాగుతాను. ఆ రెంటిలోను అసలు పరీక్ష రంగు వేయడంలో లేదు, వేసిన రంగును కడగడంలో ఉన్నది. కడిగినా వదలనివాడెవడన్నదే ప్రశ్న.

ఇక ఆ రాత్రి పలకకు వస్తాను.

మన ప్రాంతపు బోదవ్యాధికి కారణం వుచెరేరియా బాంక్రాఫ్టై అనే దారంవంటి పురుగు. పెద్ద పురుగులు శరీరంలోని లింఫ్ నాళాలలో కాపురముండి వేలకొలది పిల్లలను రక్తంలోకి వదలుతాయి. ఈ పిల్లలే మైక్రోఫైలేరియాలు. మానవ రక్తంలో వీటిని 1872లో కలకత్తాలో డాక్టర్ లూయిస్ గుర్తించాడు. చైనాలో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ 1877లో ఇవి దోమ శరీరంలో ఎదగడం చూచాడు. తరువాత మరొక వింత బయటపడింది. ఈ పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి ఉంటాయి. రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి నాళాలలోకి వస్తాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ, మన మురుగుకాలువలలో పుట్టేది, కుట్టేదీ రాత్రిపూటనే. అందువల్ల రాత్రి 10 గంటలనుండి 2 గంటల మధ్య తీసిన రక్తమే సాక్ష్యం చెబుతుంది. పగటిపూట తీసిన పలకలో ఏమీ కనబడకపోతే పురుగు లేదని అర్థం కాదు. ఎదురింటాయన ప్రశ్నకు ఇదీ జవాబు. ఆ రాత్రి నాకు తెలియక చెప్పలేకపోయాను.

దళసరిగా పూయడం ఎందుకంటే, వ్రేలినుండి తీసేది సుమారు 20 ఘన మిల్లీమీటర్లు మాత్రమే. అందులో పురుగు పిల్లలు ఒకటో రెండో ఉండవచ్చు. పలుచగా లాగి పరిస్తే వెదకడం కష్టం. దళసరిగా పూస్తే ఎర్రకణాలు పొరలు పొరలుగా పేరుకొని కాంతిని అడ్డగిస్తాయి. అందుకని ఆరిన పలకను ముందు మంచినీటిలో ఉంచుతారు. నీరు పీల్చుకొని ఎర్రకణాలు పగిలి, హిమోగ్లోబిన్ కరిగి, ఎరుపు దిగిపోయి, పూత తెల్లబడుతుంది. పురుగులు, తెల్లకణాలు మిగులుతాయి. తరువాతనే రంగు. తొందరపడి ముందే పలకను వేడిచేసినా, ఆల్కహాలు తగిలించినా హిమోగ్లోబిన్ అక్కడే గట్టిపడి, ఇక ఎంత కడిగినా వదలదు. పలుచని పూతకు ముందు ఆల్కహాలుతో స్థిరపరచడం తప్పనిసరి, దళసరి పూతకు అదే ముప్పు. పరీక్షలో ఈ తేడాను అడగడం మా జంతుశాస్త్ర మిత్రునికి మహా ఇష్టం.

రంగు సంగతిలో మన దేశపు పని ఒకటి చెప్పుకోవాలి. గీమ్సా రంగు దిగుమతి సరుకు, మిథైల్ ఆల్కహాలు కావాలి. యుద్ధకాలంలో రెండూ అరుదు. 1944లో మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాకు చెందిన జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే ఇద్దరు, నీటిలోనే కరిగి, త్వరగా పట్టే రంగును తయారుచేసి ప్రకటించారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో అది జె.ఎస్.బి. రంగు అయింది. ఈ దేశపు మలేరియా, ఫైలేరియా కేంద్రాలలో లెక్కలేనన్ని పలకలు దానితోనే రంగుపడ్డాయి.

రంగు లేకుండా ఈ పురుగు కనబడదా అంటే, కనబడుతుంది. తాజా రక్తపు బొట్టులో అది మెలికలు తిరుగుతూ ఎర్రకణాలను అటూ ఇటూ నెట్టుతుంది. ఆ కలవరమే దాని ఉనికిని చెబుతుంది. పొడవు సుమారు పావు మిల్లీమీటరు, అనగా 35 ఎర్రకణాలను వరుసగా పేర్చినంత. 100 రెట్లు పెంచితే చాలు. కాని ఎవరన్నది తెలియదు. కేరళ వంటి చోట్ల బ్రూగియా అనే మరొక జాతి ఉన్నది. దానిని మోసే దోమలు అంతరతామర వంటి నీటిమొక్కల వేళ్ళను ఆశ్రయించి పెరుగుతాయి. రంగు వేసినప్పుడు పురుగు శరీరం పొడుగునా కేంద్రకాలు ఊదా చుక్కలుగా బారు తీరుతాయి. ఆ బారు తోక చివరిదాకా వెళ్ళి, కొనన రెండు చుక్కలుంటే బ్రూగియా. తోక చివర ఖాళీగా ఉంటే వుచెరేరియా. కదలిక ఉనికి చెప్పింది, రంగు పేరు చెప్పింది. దోమను ఎక్కడ వెదకాలో, మురుగులోనా చెరువులోనా అన్నది, ఆ తోక చివరి చుక్కలమీద ఆధారపడి ఉన్నది.

నా పలకలో తోక ఖాళీగా ఉన్నది.

మరి దాదీమా సంగతి? కాలు ఉబ్బడం వ్యాధి తొలిదశ కాదు, చివరిదశ. ఏళ్ళ తరబడి పురుగుల వల్ల లింఫ్ నాళాలు చెడి, నీరు నిలిచి, దానికి పుండ్లు, జ్వరాలు తోడై కాలు ఆ స్థితికి వస్తుంది. అప్పటికి చాలమందిలో పురుగులు చచ్చిపోయి రక్తంలో పిల్లలు ఉండనే ఉండవు. ఆరోగ్యంగా, కాలు నున్నగా ఉండి, క్రికెట్ ఆడుకొంటున్న నావంటివాడి రక్తంలోనే అవి తిరుగుతుంటాయి. దోమ నా దగ్గరనుండే వాటిని తీసుకొని, పది పన్నెండు రోజులు తనలో పెంచి, మరొకరికి ఇస్తుంది. మేమంతా ఇన్నాళ్ళూ దాదీమా పక్కన కూర్చోవడానికి చిన్నపిల్లలను సందేహిస్తూ పంపేవాళ్ళం. ఆమె పళ్ళెం వేరు, చెంబు వేరు. ఆమెవల్ల ఎవరికీ ఏమీ రాదు. వచ్చేది ఉంటే నావల్లనే. ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మందు సంగతి కూడ మన సీమదే. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకొన్న ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయానికి నాయకుడై ఉండగా, ఆయన బృందం డైఇథైల్ కార్బమజీన్ అనే మందును 1947లో ప్రకటించింది. మరుసటి ఏడు ఆయన మరణించాడు. ఆ మందు పిల్లపురుగులను వేగంగా చంపుతుంది. నాకు 12 రోజులు ఇచ్చారు. మొదటి రాత్రి జ్వరం వచ్చింది. చచ్చిన పురుగులవల్ల వచ్చే జ్వరమది, మందు పనిచేస్తున్నదన్న గుర్తు. 2004 నుండి ఇదే మందును దేశంలోని వ్యాధిపీడిత జిల్లాలలో ఇంటింటికీ పంచడం మొదలైంది. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రరోగులు తప్ప అందరూ మ్రింగవలసినది. మన వీధుల్లో ఆ మాత్రను చేత పుచ్చుకొని, తరువాత వేసుకొంటామని కిటికీలో పెట్టేవారు ఎందరో నాకు తెలుసు. "మాకు కాలు బాగానే ఉన్నది గదా" అంటారు. ఇటీవలి సంవత్సరాలలో పగటిపూటనే బొట్టు రక్తంతో పది నిమిషాలలో ఫలితమిచ్చే పట్టీలు వచ్చాయి. అవి పెద్ద పురుగు ఆనవాలును పట్టుకొంటాయి. రక్తంలో పిల్లలు తిరుగుతున్నవా, ఎన్ని అన్నది చెప్పడానికి రాత్రి పలకే నేటికీ అవసరం. రాజమహేంద్రవరంలో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రపు శాఖ ఉన్నది. ఫైలేరియా శిక్షణకు, పరిశోధనకు అది పేరుపొందినది. మన విద్యార్థులను ఒకసారి అక్కడికి తీసుకొని వెళ్ళాలని నా కోరిక.

రంగు లేకుండా గొప్ప విషయం కనిపెట్టిన ఉదంతం కూడ మన తెలుగునేలమీదే జరిగింది గనుక అదీ చెప్పాలి. 1897 ఆగస్టులో సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించాడు. దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టింది. ఆగస్టు 20న ఆ దోమ పొట్టగోడను చూస్తుండగా, పారదర్శకమైన కణాల మధ్య నల్లని రేణువులున్న గుండ్రని కణం కనబడింది. మలేరియా పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ను తిని మిగిల్చే రంగురేణువులవి. శత్రువే తనకు తాను రంగు వేసుకొన్నదన్నమాట. అప్పటికి రాస్ సూక్ష్మదర్శిని మరలు ఆయన చెమటకే తుప్పుపట్టి, మిగిలిన ఒక్క అక్షికటకం పగిలి ఉన్నది. చరిత్రలో హుసేన్ ఖాన్ పేరు మిగలడం నాకు తృప్తి. ఒక్కొక్క అణాకు అతడిచ్చిన రక్తం చిన్నదేమీ కాదు.

తుప్పు ప్రసక్తి వచ్చింది గనుక కార్యవర్గం పెద్దలకు ఒక మనవి. మన డెల్టా గాలిలోని తేమ రాస్ చెమటకన్న తక్కువది కాదు. వర్షాకాలంలో కటకాలమీద సాలెగూడు వంటి బూజు పట్టుతుంది. ఒకసారి పట్టి గాజును తిన్నదంటే తుడిస్తే పోదు. కొత్త సూక్ష్మదర్శినులు కొనడానికి ముందు, ఉన్నవాటిని దాచడానికి లోపల చిన్న బల్బు వెలిగే మూతబీరువా ఒకటి, సిలికాజెల్ కొంత సమకూర్చితే ఖర్చు తక్కువ, ఆదా ఎక్కువ. కటకం తుడిచే కాగితం గూడ. ఇప్పుడు చేతిరుమాళ్ళతో తుడుస్తున్నారు.

నా పలకను చూచి ఇంటికి వచ్చిన రోజున దాదీమా, "ఎలా ఉందిరా అది?" అని అడిగింది. కాగితంమీద గీసి చూపించాను. మెత్తని వంపుతో ఉండే ఒక గీత, లోపల చుక్కలు, చివర ఖాళీ. ఆమెకు ఉర్దూ వ్రాత తప్ప మరొకటి రాదు. కాగితాన్ని దీపానికి దగ్గరగా పట్టుకొని, తన చేతివ్రాతలో అక్షరం చూచినట్లు చాలసేపు చూచింది. తరువాత నా మాత్రల పొట్లం అందుకొని, లెక్కపెట్టి, తలగడ క్రింద పెట్టుకొంది. పన్నెండు రోజులూ తనే ఇచ్చింది.